నావికుడి రాయి మీద నా విచారణ

కుల విచారణకు వెళ్ళినప్పుడు ముందు ఏం చూడాలి సార్ అని మొన్న కొత్తగా వచ్చిన రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఒకతను నన్ను అడిగాడు. గోడలు చూడమన్నాను. ఏ మేకుకు ఏ పటం వేలాడుతోంది, ఏ మేకు ఖాళీగా ఉంది, పెళ్ళి ఫోటోలో పెళ్ళికూతురి చేతిలో పూలగుత్తి ఉందా, నెత్తిన తలంబ్రాలు ఉన్నాయా. మనుషులు మనల్ని చూడగానే జాగ్రత్త పడతారు. గోడలు పడవు.

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. గిద్దలూరు, కంభం, మార్కాపురం చుట్టుపక్కల రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగానే ఉద్యోగమంతా గడిపినవాణ్ణి. అనుమానపడటానికే నాకు జీతం ఇచ్చారు. ఆ గుణం రిటైరైనా వదల్లేదు. పాలవాడు నవ్వుతూ పాలు పోస్తే ఈ రోజు నీళ్ళు ఎక్కువ కలిపాడనుకుంటాను. మా ఆవిడ మా ఇంటి దక్కనీ ఉర్దూలో తిట్టి, పాలగిన్నె నా చేతిలోంచి లాక్కుపోతుంది.

ఆ గోడల సంగతి ఎత్తినప్పుడల్లా నాకు ఒక్క ఇల్లే గుర్తొస్తుంది. ఆ కథ ఇప్పటి పిల్లలకు చెప్పాలనిపించింది. ఎవరి పేర్లూ చెప్పను. వాళ్ళకు నా వల్ల ఒకసారి కలిగిన ఇబ్బంది చాలు.

ముందు ఒక రూలు చెప్పాలి. ఎస్సీ కుటుంబం క్రైస్తవంలోకి మారితే కాగితం మీద ఎస్సీ కాదు, బీసీ-సి అవుతుంది. ఊళ్ళో వాళ్ళ వీధి మారదు, హోటల్లో వాళ్ళను చూసే చూపు మారదు, కాగితం మాత్రం మారుతుంది. అందుకని మా వైపు ఎన్నో కుటుంబాలు ఆదివారం చర్చిలో ఉంటాయి, సోమవారం మా ఆఫీసులో హిందువులుగా ఉంటాయి. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరో ఒకరు ఫిర్యాదు పెట్టేదాకా ఎవరికీ తెలియనట్టే ఉంటుంది.

ఊరు రాచర్ల దగ్గర. కంది, జొన్న, మేకలు, గొర్రెలు. వాన పడితే సేద్యం, పడకపోతే పనికోసం గిద్దలూరు ఆటో. సముద్రమంటే అక్కడివాళ్ళకు టీవీలో వచ్చే తుఫాను వార్త, అంతే. అట్లాంటి ఊరి ఎస్సీ కాలనీ నుంచి ఒక కుర్రాడు నౌకాదళంలో చేరాడు. చెరువులో ఈత నేర్చినవాడు సముద్రం మీద ఉద్యోగం చేస్తున్నాడని ఊరంతా వింతగా చెప్పుకునేవారు.

ఒక తుఫానులో జాలర్ల పడవ విరిగింది. వీళ్ళ ఓడ దగ్గరికి వెళ్ళింది. ఇతను నడుముకు తాడు కట్టుకొని నీళ్ళలోకి దిగాడు. ఇద్దరు జాలర్లను తెచ్చి ఓడ ఎక్కించాడు. మూడో మనిషి కోసం వెళ్ళాడు. ఓడవాళ్ళు తాడు లాగితే తాడు ఒక్కటే వచ్చింది. శవం కూడా దొరకలేదు. తర్వాత ప్రభుత్వం శౌర్య పతకం ప్రకటించింది. విశాఖపట్నంలో పెద్ద అధికారి ఒకాయన దాన్ని తల్లి చేతిలో పెట్టాడు.

శవం లేదు కనుక సమాధి లేదు. తల్లికి వెళ్ళి కూర్చోవడానికి ఒక చోటంటూ లేదు. కాలనీ చర్చివాళ్ళు తమ ఆవరణలో ఆ కుర్రాడికి స్మారక శిల నిలబెట్టాలనుకున్నారు. నల్ల గ్రానైటు తెప్పించి మార్కాపురంలో చెక్కించారు. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడి చెల్లెలు టీచరు ఉద్యోగానికి ఎంపికైంది, ఎస్సీ కోటాలో. సర్టిఫికెట్ల పరిశీలన అయితే పోస్టింగు చేతికి వస్తుంది. ఈలోగా పిటిషన్ వచ్చింది.

మా తహసీల్దారు మేడం వయసులో నాకంటే చాలా చిన్న. పద్ధతి గల మనిషి. నన్ను పిలిచి కాగితం ముందుకు తోసింది.

“సంతకం లేదు. అన్నకు చర్చిలో స్మారకం, చెల్లెలికి ఎస్సీ కోటాలో ఉద్యోగం, ఇదేం న్యాయం అని అడిగారు.”

“ఆకాశరామన్న రాసేవాటికి కూడా విచారణ చేస్తే మనకు వేరే పని ఉండదు మేడం.”

“పైకి కూడా ఒక కాపీ పంపారు. మీరు వెళ్ళి చూడండి. కళ్ళతో చూసిందే రాయండి. విన్నది వద్దు.”

ఎవరు రాసి ఉంటారని దారంతా ఆలోచించాను. మొదట ఊళ్ళో పొలం తగాదా ఉన్న ఆసామి మీదికి పోయింది నా అనుమానం. తర్వాత అదే ఉద్యోగానికి రాసి తప్పిన పిల్లల తల్లిదండ్రుల మీదికి పోయింది. కాసేపటికి, రాయి చెక్కినవాడికీ చర్చికీ ఏమైనా చెడిందేమోనని కూడా అనుకున్నాను. నా వెనక బండి మీద కూర్చున్న వీఆర్వో నాకంటే ఘనుడు. ఫోన్‌తో ఫోటో తీయనిదే టీ కూడా తాగడు. “సార్, ఆ తండ్రే రాసుంటాడు, చర్చివాళ్ళ మీద కోపంతో,” అన్నాడు. మా ఇద్దరినీ ఒకే బండి మీద పంపిన దేవుడు తమాషా మనిషి అయి ఉండాలి.

ఇల్లు చిన్నది, ఇందిరమ్మ ఇళ్ళ రోజుల్లో కట్టింది. ముందు గదిలో గోడకు వెంకటేశ్వరస్వామి పటం. కొత్తది. దుకాణంలో చుట్టిన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. ఆ కవరు మీదే కుంకుమ పెట్టారు. పటం చుట్టూ గోడ మీద దానికంటే పెద్దదైన ఒక చదరం, మిగతా సున్నం కంటే తెల్లగా, తేటగా కనిపిస్తోంది. అక్కడ ఎన్నో ఏళ్ళు ఇంకో పటం ఉండేదని చెప్పడానికి రెవెన్యూ ఉద్యోగం అక్కర్లేదు. తల్లి నుదుటన స్టిక్కర్ బొట్టు ఉంది. రోజూ పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్ళు అంత పక్కకు పెట్టుకోరు. వీఆర్వో నన్ను మోచేత్తో పొడిచాడు. నేను చూడనట్టు ఉండిపోయాను.

“ఏం పెద్దాయనా, చర్చికి పోతారా?”

“లేదు సార్. మేము హిందువులం. మా తాతల కాడ్నించి ఇంతే.” తండ్రి నిలబడే చెప్పాడు. మనిషి పొడుగు, నల్లగా, గట్టిగా ఉన్నాడు. గొంతు మాత్రం వేరెవరిదో అన్నట్టుంది.

“మరి ఆదివారం ఏం చేస్తారు?”

“పనికి పోతాం సార్. పని లేకుంటే మేకలు.”

“చర్చిలో మీవాడి రాయి పెడతారంట గదా?”

“వాళ్ళు పెట్టుకుంటున్నారు సార్. ఊరికి పేరు తెచ్చినాడని పెట్టుకుంటున్నారు. మాకేం సంబంధం లే.”

ఆ మాట అన్నప్పుడు తల్లి ఆయన వైపు చూసింది. కోపంగా కాదు. దారిలో ఎవరో కొత్త మనిషి ఎదురైతే ఎవరా అని చూసినట్టు చూసింది. లోపలి గుమ్మం దగ్గర నిలబడ్డ కూతురు మాత్రం నేలకేసి చూస్తూ, “నాయన చెప్పిందే సార్,” అంది.

పతకం చూపించమని వీఆర్వో అడిగాడు. అది మా విచారణలో లేదు, కానీ వాడు అడిగాక నాకూ చూడాలనిపించింది. నిజం చెప్తున్నాను, అది అసలుదేనా అని కూడా అనుమానం వచ్చింది నాకు. ట్రంకుపెట్టె తెరిచి, చీరల కింద నుంచి తల్లి ఒక డబ్బా తీసింది. కొంగుతో చేతులు తుడుచుకొని డబ్బా తెరిచింది. అటూ ఇటూ తిప్పి చూశాను. వెనక వైపు వాడి పేరు సన్నగా చెక్కి ఉంది. ఆమె నా చేతినే చూస్తోంది, ఎక్కడ జేబులో వేసుకుపోతానో అన్నట్టు. తిరిగి ఇచ్చేశాను.

“మావోడు నలుపు సార్,” అంది ఉన్నట్టుండి. “ఇంట్లో మేమంతా నల్లోడా అనే పిలుస్తాం. అంత పెద్దాయన పతకం ఇయ్యడానికి పక్కన నిలబడి, ఫోటోలో వాణ్ణి చూసి, మీ కొడుకు మంచి నలుపమ్మా, సముద్రం ఎండకు మేమంతా అట్లనే అవుతాం అన్నాడు. మావోడు పుట్టినప్పుడే నలుపు సార్ అని చెప్పినా.”

వచ్చేటప్పుడు ఆమె చేతులు జోడించి “వంద...” అని ఆగిపోయింది. “నమస్తే సార్,” అని సర్దుకుంది. చర్చికి పోయేవాళ్ళు వందనాలంటారు, ఆ మాట ఆమె నోటికి ఎన్నో ఏళ్ళ అలవాటు. మొగుడు ఆమె వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అక్కడి నుంచి చర్చికి వెళ్ళాం. పాస్టరు గారు నడివయసు మనిషి, ఖద్దరు చొక్కా, చేతిలో తాళాల గుత్తి. ఆవరణలో టార్పాలిన్ కప్పిన రాయి వెల్లకిలా పడుకొని ఉంది. తీయమన్నాను. ఇష్టం లేకుండా తీశాడు.

మంచి పని. నల్లరాయి మీద కుర్రాడి ముఖం, టోపీ, యూనిఫాం. పైన శిలువ. కింద పేరు, పతకం పేరు. ఆ కింద, మిగతా అక్షరాల కంటే కొంచెం పెద్దగా, “సంఘపెద్దగారి జ్యేష్ఠ కుమారుడు” అని, తల్లిదండ్రుల పేర్లతో సహా చెక్కారు. సంఘమంటే చర్చి, ఆ తండ్రి చర్చికి పెద్ద అన్నమాట.

ఇది ఆ చర్చివాళ్ళు తప్ప ఎవరూ చేయని పొరపాటు. లోపలికి తొంగి చూశాను. ప్రతి బెంచీ మీద, ప్రతి ఫ్యాను రెక్క మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, వాళ్ళ తండ్రుల పేర్లు, సంఘంలో వాళ్ళ హోదాలు ఉన్నాయి. ఊళ్ళో ఏ అరుగు మీదా, ఏ గుడి గోడ మీదా పేరు పడనివాళ్ళు. తమ చోటు దొరికాక ఫ్యాను రెక్కను కూడా వదల్లేదు. అదే అలవాటులో, అదే ప్రేమతో ఈ రాయి మీద కూడా చెక్కించారు. కూతురి ఉద్యోగానికి అదే ఉరితాడు అవుతుందని ఎవరికీ తట్టలేదు.

“ఆయన ఎంతో కాలంగా మా సంఘపెద్ద సార్, ఆయన పేరు లేకుండా ఎట్ల...” అని పాస్టరు గారు గర్వంగా మొదలుపెట్టి, మధ్యలో ఆగాడు. తానేం అన్నాడో అప్పుడు అర్థమైంది.

వీఆర్వో ఫోన్ బయటికి తీశాడు.

“జేబులో పెట్టు,” అన్నాను. “పడుకున్న రాయికి విచారణ లేదు. నిలబెట్టాక వద్దాం.” తర్వాత పాస్టరు గారి వైపు తిరిగి, “ఆవిష్కరణ రోజు మళ్ళీ వస్తాను. ఆ రోజు రాతి మీద ఏముంటే అదే నా రిపోర్టులో ఉంటుంది,” అన్నాను.

నా లెక్క ప్రకారం అది సాయం. ఆ ఒక్క మాట తీసేయండయ్యా అని ఇంతకంటే వివరంగా ఒక ప్రభుత్వోద్యోగి చెప్పలేడు. పాస్టరు గారికి మాత్రం అది బెదిరింపుగా వినిపించింది. “మమ్మల్ని పట్టించడానికే వస్తారా సార్?” అన్నాడు. ఏం చెప్పినా నమ్మేటట్టు లేడు. మేం వచ్చేశాం.

ఆ తర్వాత కాలనీలో ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయిందని వీఆర్వో రోజూ మోసుకొచ్చేవాడు. తండ్రి సొంత తమ్ముడితో మాట మానేశాడు, పిటిషన్ వాడే పెట్టాడని. తమ్ముడి కొడుకు కూడా అదే పరీక్ష రాశాడు మరి. తమ్ముడేమో పాస్టరు మీద, పాస్టరు వీఆర్వో మీద. వీఆర్వో ఎవరి మీద అనుమానపడ్డాడో నాకు చెప్పలేదు కాబట్టి అది నా మీదేనని నేననుకున్నాను. ఆ పిటిషన్ ఎవరు పెట్టారో ఈ రోజుకీ తెలియదు.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే ఎండ గట్టిగా ఉంది. గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఫ్లెక్సీవాడు కుర్రాడి ముఖాన్ని కంప్యూటర్లో తెల్లగా చేసి పారేశాడు. పక్కన ముద్రించిన స్థానిక నాయకులతో సమానంగా మెరిసిపోతున్నాడు. షామియానా వేశారు. విశాఖ నుంచి నౌకాదళ అధికారి ఒకాయన, తెల్ల యూనిఫాంలో నలుగురు నావికులు వచ్చారు. వాళ్ళలో ఒకడి చేతిలో, చనిపోయిన సైనికులకు వీడ్కోలుగా ఊదే బ్యూగిల్ ఉంది. ముందు వరుసలో రెండు కుర్చీలకు తెల్లగుడ్డ కప్పి ఉంచారు. ఆ రెండూ ఖాళీగానే ఉన్నాయి.

అధికారికి తెలుగు రాదు. పాస్టరు గారికి హిందీ రాదు. ఆయన అడిగిందే అడుగుతున్నాడు, ఈయన నవ్వుతూ మంచినీళ్ళ సీసా అందిస్తున్నాడు. అప్పుడు వీఆర్వో మహానుభావుడు ఊరుకోకుండా, “మా సార్‌కి ఉర్దూ వచ్చు,” అని నన్ను ముందుకు తోశాడు.

తెరను తల్లి చేత తీయించాలి, ఆమె ఎక్కడ, అని అధికారి అడిగాడు.

నేను తెలుగులో చెప్పాను. పాస్టరు గారు నా కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆ చూపులో ఇదేనా నీ ఉచ్చు అన్న ప్రశ్న ఉంది. “ఊళ్ళో లేరని చెప్పండి సార్,” అన్నాడు.

“తండ్రి?” అన్నాను.

“మార్కాపురం గుడికి పోయినాడు. అర్చన టికెట్టు గూడా తీసుకొస్తాడు, కావాలంటే మీకు చూపిస్తాడు,” అన్నాడు పాస్టరు. ఆ చివరి మాట అధికారికి కాదు, నాకు.

విచారణకు వెళ్ళినవాణ్ణి, వాళ్ళ అబద్ధాన్ని నా నోటితోనే మా ఇంటి భాషలో చెప్పాను. తల్లిదండ్రులు ఊళ్ళో లేరు సాబ్. అధికారి ముఖం చిట్లించాడు. కొడుక్కి ఇంత చేస్తుంటే ఊళ్ళో లేకుండా పోయారా అన్నాడు. ఆ మాటను నేను తెలుగులోకి మార్చలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఆయనే తెర లాగాడు. చప్పట్లు మొదలై మధ్యలోనే తగ్గిపోయాయి. శిలువ ఉంది, ముఖం ఉంది, పేరు, పతకం ఉన్నాయి. దాని కింద రాతిని గ్రైండరుతో గీకేశారు. నున్నటి నల్లరాతి మీద బెత్తెడు మేర బూడిదరంగు. నేను తీయమన్నది సంఘపెద్ద అన్న ఒక్క మాట. వాళ్ళు భయంతో తల్లి పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, అన్నీ తీసేశారు. రాతి మీద ఆ పిల్లవాడు ఎవరి కొడుకూ కాకుండా నిలబడ్డాడు. నాకు మొదటిసారి నా ఉద్యోగం మీద అసహ్యం వేసింది. వీఆర్వో ఫోటో తీసుకున్నాడు.

రిపోర్టులో ఏం రాశానో కూడా చెప్పేస్తాను. గ్రామానికి చెందిన నావికుడి స్మారకాన్ని చర్చివారు తమ ఆవరణలో పెట్టుకున్నారు. అందులో కుటుంబం ప్రస్తావన లేదు. ఆవిష్కరణకు కుటుంబ సభ్యులెవరూ హాజరు కాలేదు. అన్నీ కళ్ళతో చూసినవే. మేడం రెండుసార్లు చదివి, నా ముఖంలోకి చూసి, సంతకం పెట్టింది. అమ్మాయికి పెద్దారవీడు వైపు స్కూల్లో పోస్టింగు వచ్చింది. ఇప్పటికీ చేస్తోంది.

కొత్తగా ఉద్యోగంలోకి వచ్చినవాళ్ళకు నేను చెప్పదలచుకున్నది మాత్రం ఆ రిపోర్టులో లేదు.

ఆ రోజు ప్రసంగాలు మొదలవగానే నేను బయటికి వచ్చాను. బండి రోడ్డు అవతల పెట్టి ఉంది. అక్కడ ముళ్ళకంప పక్కన రెండు మేకలు, వాటి దగ్గర కర్ర పట్టుకొని ఆ తల్లి. నుదుటన ఆ స్టిక్కర్ బొట్టు, ఈసారి సరిగ్గా మధ్యలో ఉంది. నన్ను చూడగానే మేకల్ని ఇంకో రెండడుగులు వెనక్కి తోలింది.

“మేకలు మేపుకుంటున్నా సారూ,” అంది నేనేమీ అడగకముందే. “ఇది గవర్నమెంటు రోడ్డే గదా? చర్చిది గాదు గదా?”

“రోడ్డేనమ్మా,” అన్నాను.

ప్రహరీ గోడ ఎత్తుగా ఉంది. అక్కణ్ణుంచి షామియానా పైభాగం, గేటు దగ్గరి ఫ్లెక్సీ తప్ప ఏమీ కనపడదు. ఆమె ఫ్లెక్సీ వైపు కర్ర చూపించింది. “ఆ తెల్లోడెవడో నాకు తెల్వదు. రాయి మీద ఎట్ల చెక్కినారు సారూ? నల్లగనే ఉన్నాడా?”

“నల్లరాయేనమ్మా. నల్లగానే ఉన్నాడు. టోపీ కూడా పెట్టుకున్నాడు.”

“నవ్వుతున్నాడా?”

నేను అంత చూడలేదు. రాతి మీద ఏ మాట ఉంది, ఏ మాట లేదు అని చూశాను గాని, కుర్రాడు నవ్వుతున్నాడో లేదో చూడలేదు. నవ్వుతున్నాడని చెప్పాను.

లోపల బ్యూగిల్ మొదలైంది. మేకలు తలెత్తాయి. ఆమె కర్రను రెండు చేతులతో పట్టుకుంది. నా వైపు చూసి, చిన్నగా అడిగింది.

“ఏడిస్తే అది గూడా రాస్తావా సారూ?”

“రాయనమ్మా,” అన్నాను.

ఆమె నమ్మలేదు. ఎందుకు నమ్మాలి? ఆమె ఇంట్లో గోడ మీద చదరం కూడా వదలకుండా చూసినవాణ్ణి. పెదవులు బిగించి మేకల వైపు తిరిగి, లేని గడ్డి కోసం వాటిని అదిలించింది. బ్యూగిల్ మోగుతూనే ఉంది. నేను అక్కడ ఉన్నంతసేపూ ఆమె కంట్లోంచి చుక్క రాదని అర్థమైంది. బండి స్టార్టు చేసుకొని గిద్దలూరు వైపు వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూడలేదు.